చెప్పు ముందు, మనిషి వెనక

రాసుకో శ్రావణీ. ఫోన్లో కొట్టుకుంటావో, పుస్తకంలో రాసుకుంటావో నీ ఇష్టం. నేను చెప్పిన మాట మాత్రం సర్ది రాయొద్దు. వచ్చే వారం నంద్యాలలో ఆస్పత్రి ఆఫీసులో చేరబోతున్నావు కాబట్టి చెబుతున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఏ ఫైలు ఏ బల్ల మీద ఎన్నాళ్లు పడుకుంది, అవన్నీ వదిలేద్దాం. అవి చదివితే నిద్ర తప్ప ఇంకేమీ రాదు.

ఒక సంగతి ముందే తెలుసుకో. డాక్టర్లు చూసే జబ్బులు వేయి రకాలు. ఆస్పత్రి నడిపే మనకు ఉండే జబ్బు ఒకటే, మంచాలు చాలకపోవడం. నయమైనవాడు ఇంటికి పోతేనే జబ్బుపడినవాడికి చోటు. నయమైనవాడిని ఇంటికి పంపడం ఎంత కష్టమో నీకు చదువు చెప్పిన కాలేజీలో ఎవరూ చెప్పి ఉండరు. ఆ కష్టంలోనే నా ఉద్యోగం ఊడబోయింది.

పచ్చ చారలు

నేను మొదట పనిచేసింది నంద్యాల ఆస్పత్రిలోనే. అక్కడి పెద్ద డాక్టరు చాలా మంచివాడు, పైఅధికారులు వస్తున్నారంటే మాత్రం మనిషి మనిషి కాదు. ఒకసారి తనిఖీ అని కబురొచ్చింది. ముందురోజు సాయంత్రం మంచాలన్నిటికీ పచ్చరంగు వేయించాడు. ఆరడానికి టైము చాలదు సార్ అన్నాను. "ఎండాకాలం కదమ్మా, అదే ఆరిపోతాది" అన్నాడు. పొద్దున్నే వచ్చిన అధికారి ఒక ముసలాయన చొక్కా ఎత్తి వీపు చూశాడు. వీపంతా పచ్చ చారలు. పక్క మంచం మీదాయనకూ చారలే. ఆ అధికారి రెండడుగులు వెనక్కి వేసి, "ఇది ఎప్పటినుంచి వ్యాపించింది?" అని అడిగాడు. వార్డు మొత్తానికి పరీక్షలు రాసి, చేతులు కడుక్కొని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

దానితో నాకు తెలిసింది ఒకటే. పైవాళ్లకు చూపించడం కోసం చేసిన పని రోగి వీపుకు అంటుకుంటుంది. రోగి కోసం చేసిన పని మన వీపుకు అంటుకుంటుంది. రెండోదే మేలు. నాకు అంటుకున్నది ఎలా అంటుకుందో ఇప్పుడు చెబుతాను.

మంగళవారం ఎవరూ కదలరు

నంద్యాల నుంచి నన్ను ఆళ్లగడ్డ ఆస్పత్రికి వేశారు. ఇల్లు నంద్యాలలోనే పెట్టుకొని రోజూ బస్సులో పోయి వచ్చేదాన్ని. చేరిన కొత్తలోనే ఒకటి గమనించాను. మంగళవారం ఒక్కరూ ఇంటికి పోరు. శుక్రవారం పోరు. అమావాస్య నాడు పోరు, అష్టమి పోరు, నవమి పోరు. శనివారం పోతే శని వెంటబడతాడని ఒకావిడ. మిగిలిన రోజుల్లో రాహుకాలం చూస్తారు. ఈ లెక్కన ఆస్పత్రిలోకి రావడానికి వారమంతా మంచిదే, బయటికి పోవడానికి మాత్రం ఏ బుధవారమో పొద్దున కాసేపు దారి ఉంటుంది.

ఒక సోమవారం రుద్రవరం నుంచి కాన్పుకని ఒక పిల్లను తెచ్చారు. మంచం లేక వరండాలో చాప మీద పడుకోబెట్టాం. లోపల ఓబులేసు అనే రైతు, గిలక, అదే హెర్నియా, ఆపరేషన్ అయి నయమై, మంచం మీద కాలు మీద కాలు వేసుకొని ఉన్నాడు. మర్నాడు పొద్దున ఇంటికి పొమ్మని డాక్టరు రాసేశాడు. వెళ్లి చెప్పాను.

"మంగళారం నేను కదల్ను మేడమా" అన్నాడు.

"ఆ పిల్ల నేల మీద పండుకోనుందప్పా."

"ఆ పిల్లకు బుధారం ఇస్తా. నేనేమన్నా మంచాన్ని ఇంటికి ఎత్తకపోతాండానా?"

అరిస్తే లాభం లేదు. మా అవ్వ చేసే పని ఒకటి గుర్తొచ్చింది. చెడ్డరోజున ప్రయాణం తప్పనప్పుడు ముందురోజే మంచి గడియ చూసి, మన వస్తువు ఒకటి తీసుకెళ్లి పక్కింట్లో పెట్టేవాళ్లం. దాన్ని పరస్తానం అంటారు. వస్తువు గడప దాటింది కాబట్టి మనిషీ బయల్దేరినట్టే లెక్క. మర్నాడు ఆ వస్తువు తీసుకొని మన దారిన మనం పోవడమే. నా ఆఫీసు గది వార్డుకు దూరంగా గేటు పక్కన విడిగా ఉండేది. దాన్ని పక్కిల్లు అనుకోమన్నాను.

"మీ ఇంట్లో పరస్తానం పెట్టరా ఓబులేసూ?"

"ఎందుకు పెట్టం?"

"అయితే ఈ సాయంత్రమే నీ చెప్పులు నా గదిలో పెట్టు. రేపు నువ్వు బయల్దేరేది యాడుంది? ఈ పొద్దే బయల్దేరినావు. రేపు ఊరికే నీ చెప్పుల ఎంటబడి పోతావు."

చాలాసేపు ఆలోచించాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. చివరికి ఒక్క చెప్పు చేతికిచ్చాడు. రెండోది ఎందుకివ్వవని అడిగితే, "రెండూ ఇస్తే రాత్రికి దొడ్డికి ఎట్ల పోయేది మేడమా?" అన్నాడు. న్యాయమే.

మర్నాడు పొద్దున మంచం ఖాళీ అయింది. ఆ పిల్లకు మంచం దొరికింది, ఆడబిడ్డ పుట్టింది. ఓబులేసు ఇంటికి పోయే సంతోషంలో నా గదిలో చెప్పు మరిచిపోయి, ఒంటి చెప్పుతో బస్టాండుదాకా పోయాడు. అక్కడ కాలు కాలితే గుర్తొచ్చింది. అయినా వెనక్కి రాలేదు. ఆస్పత్రి నుంచి బయటపడినవాడు మళ్లీ ఆస్పత్రి గడప తొక్కితే జబ్బు గుర్తుపట్టి పలకరిస్తుందట. ఆ చెప్పు నన్నే పెట్టుకోమని రుద్రవరం బస్సు కండక్టరుతో చెప్పి పంపాడు.

ఆ కబురు ఊళ్లకు పాకింది. ఇక చూడు. ప్రతి సోమవారం, ప్రతి గురువారం సాయంత్రం నా గదికి జనం. ఒకరు తువ్వాలు, ఒకరు గ్లాసు, ఒకరు చేతికర్ర. ఒకావిడ ఇత్తడి బిందె మోసుకొచ్చింది. మంచంలో ఉన్న మనిషికి బిందె ఎందుకు తెచ్చారో నేను అడగలేదు. ఖాజాబీ అని టైలరు పని చేసే ఆమె గొడుగు తెచ్చింది. మీలో ఇది ఉండదు కదమ్మా అంటే, "అందరూ పెడ్తాండ్రు మేడం, నేనొక్కదాన్నే పెట్టకుంటే బాగుంటాదా?" అంది. సిరివెళ్ల నుంచి వచ్చిన ఒక ముసలమ్మ కోడిని తెచ్చింది. తనదంటూ ఉండేది అదొక్కటేనట. ఆ రాత్రి అది నా సొరుగులో గుడ్డు పెట్టింది.

సగం మంది తీసుకెళ్లేవాళ్లు, సగం మంది మరిచిపోయేవాళ్లు. మరిచిపోయినవాళ్లు మళ్లీ రారు కదా. గదిలో ఒంటి చెప్పులు గుట్టపడ్డాయి. కానీ మంచాలు ఖాళీ అయ్యాయి, వరండాలో చాపలు పోయాయి. మా సూపరింటెండెంటు వయసులో చిన్నవాడు. మంగళవారం కూడా మంచాలు ఎలా ఖాళీ అవుతున్నాయో ఒక్కసారి కూడా అడగలేదు. జిల్లా మీటింగులో మాత్రం తన పద్ధతుల వల్లేనని చెప్పి చప్పట్లు కొట్టించుకొని వచ్చాడు.

తాకట్టు మేడం

అప్పుడొచ్చింది ఆకాశరామన్న ఉత్తరం. రాసినవాడి పేరు ఉండదు, కాబట్టి ధైర్యం ఎక్కువగా ఉంటుంది. ఈ ఆస్పత్రిలో ఆఫీసు మేడం లంచం ఇవ్వలేని పేదవాళ్ల చెప్పులు, చెంబులు, కోళ్లు తాకట్టు పెట్టుకుంటోందని, గది తెరిచి చూస్తే నిజం తెలుస్తుందని అందులో ఉంది. పైనుంచి వచ్చి గది తెరిచి చూశారు. నిజమే తెలిసింది మరి. గదినిండా చెప్పులు.

అవి ఏమిటని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను చెబుతుంటే నాకే నమ్మబుద్ధి కాలేదు. మా సూపరింటెండెంటు వైపు తిరిగారు. ఆ గదిలోకి తాను ఎప్పుడూ పోలేదని, చెప్పుల వాసన వల్ల పోలేకపోయానని చెప్పాడు.

ఇది బాగా గుర్తుపెట్టుకో శ్రావణీ. పని బాగా జరిగితే పైవాడు "మేము" అంటాడు. చెడితే "ఆమె" అంటాడు. దీనికి బాధపడి లాభం లేదు. మన పనిని చూసినవాళ్లు ఇంకెవరైనా ఉండేట్టు చూసుకోవాలి.

నన్ను సస్పెండ్ చేశారు. రిటైర్మెంటు దగ్గరపడింది. ఆరోపణ నిలబడితే ఉద్యోగం పోతుంది, పింఛను పోతుంది. వాటికంటే పేరు భయం నాకు. సంతలో కూరగాయలమ్మే ఆమె పక్కనామెతో అంటుంటే విన్నాను, "ఈమేనంట, తాకట్టు మేడం" అని. నా ముందున్న నిమ్మకాయలు కొంచెం వెనక్కి జరుపుకుంది.

శెట్టి లాడ్జి

సస్పెండ్ అయినవాళ్లు విచారణ అయ్యేదాకా పనిచేసిన ఊరు వదలకూడదని షరతు. పనిచేసినన్నాళ్లు రోజూ ఇంటికి పోయిన నేను, పని లేనప్పుడు ఆళ్లగడ్డలో కాపురం ఉండాలి. ప్రభుత్వం లెక్కలు అట్లా ఉంటాయి. ఆస్పత్రికి ఎదురుగా రంగయ్య శెట్టి లాడ్జి ఒకటి ఉంది, కింద మెస్సు, పైన గదులు. చుట్టుపక్కల ఇంకొకటి లేదు. అక్కడే దిగాను.

శెట్టి నన్ను ఎంత బాగా చూసుకున్నాడో చెప్పలేను. భోజనం దగ్గర నిలబడి, "ఇంకొంచెం పప్పు ఏపిచ్చుకోండి మేడం, దిగులుకు కడుపు మాడ్చుకోగూడదు" అనేవాడు. గాలి బాగా వచ్చే గది ఇచ్చాడు. నా మీద ఉత్తరం రాసినవాడి చేతులు పడిపోవాలని మెస్సులో పనిచేసే ఆడవాళ్లు శాపనార్థాలు పెడితే, "అట్లనగూడదమ్మా, వానికేం కష్టమొచ్చిందో" అనేవాడు. ఈ కాలంలో ఇంత మంచిమనిషి ఉంటాడా అనుకున్నాను.

విచారణకు ఒక అధికారి వచ్చాడు. కడుపులో పుండు ఉండి మజ్జిగ తప్ప ఏమీ తాగేవాడు కాదు, ముఖం కూడా మజ్జిగలాగే ఉండేది. చెడ్డవాడు కాదు. "మీరు చెప్పేది నమ్మాలంటే ఆ వస్తువులవాళ్లు వచ్చి చెప్పాలి కదమ్మా" అన్నాడు. అందరికీ పిలుపులు పంపించాడు. చెప్పిన రోజున నేను పొద్దున్నుంచి లాడ్జి అరుగు మీదే కూర్చొని చూశాను. ఓబులేసు వచ్చాడు. ఖాజాబీ వచ్చింది. బిందె ఆమె వచ్చింది. కోడి ముసలమ్మ కూడా వచ్చింది. అందరూ శెట్టి మెస్సులో టీ తాగుతూ కూర్చున్నారు. బంట్రోతు గేటు దగ్గర నిలబడి పేర్లు పిలుస్తున్నాడు. ఒక్కరూ లేవలేదు.

నేనే పోయి బతిమాలాను. "నా ఉద్యోగం పోతాదప్పా, ఒక్కసారి లోపలికి వచ్చి ఉన్న మాట చెప్పు."

ఓబులేసు తల గోక్కున్నాడు. "మీకోసం రుద్రవరం నుంచి నడుచుకుంటా రమ్మన్నా వస్తా మేడమా. ఆ గేటు మాత్రం దాటను. నయమైనోడిని మళ్లీ ఆస్పత్రికి రమ్మంటారా, మీరే చెప్పండి."

మంచి గడియలో వాళ్లను ఆ గేటు దాటించింది నేను పెట్టిన పరస్తానమే కదా.

గేటుకు ఆ పక్క, ఈ పక్క

విచారణ ఆస్పత్రి ఆవరణలోనే జరగాలని ఆర్డరులో ఉందట. సాక్షులేమో ఆవరణలోకి రారు. ఆ అధికారి రెండు గ్లాసుల మజ్జిగ తాగి ఆలోచించి, బల్లను గేటుకు ఆనించి లోపలి వైపు వేయించాడు. సాక్షులు బయటి వైపు, రోడ్డు మీద నిలబడాలి. మధ్యలో గేటు ఊచలు.

నా గదిలోని వస్తువులు అక్కడికి తేవాలి. చేతులతో మోసేవాళ్లు దొరక్క, రోగులను తోసుకెళ్లే స్ట్రెచర్ మీద వేసి, జారిపోకుండా పైన తెల్లదుప్పటి కప్పి తోసుకొచ్చారు. రోడ్డు మీద పోయేవాళ్లు సైకిళ్లు దిగి చేతులు జోడించారు. ఒక పెద్దాయన తలగుడ్డ తీశాడు. ఎవరో ఒకావిడ పాపం ఏ ఊరివాళ్లో అని ఏడుపు మొదలుపెట్టింది. అప్పుడు అధికారి దుప్పటి తీసి, ఒక చెప్పు పైకెత్తి చూపించాడు. ఆవిడ ఏడుపు మధ్యలో ఆగిపోయింది.

"ఇది నీదేనా?"

"నాదే సామీ" అన్నాడు ఓబులేసు, ఊచల అవతలి నుంచి.

"మేడం గుంజుకునిందా?"

"లేదు. నేనే ఇచ్చినా. ముందు చెప్పు పోయింది, ఎనక నేను పోయినా."

"దుడ్లేమన్నా అడిగిందా?"

"అడగలా. బీడీలు మానుకోమనింది. అడగరానిది అడిగిందంటే అదొకటే సామీ."

అధికారి రాసుకొని, సరే నీ చెప్పు నువ్వు తీసుకుపో అని ఊచల మధ్య నుంచి చేయి చాచాడు. ఓబులేసు ఒక్క గెంతు వెనక్కి గెంతాడు. వెనక ఉన్నవాళ్లంతా జరిగారు. అధికారి చెప్పు పట్టుకొని ఇటు జరిపితే జనం అటు జరుగుతున్నారు, అటు జరిపితే ఇటు. ఆస్పత్రిలో ఇన్నాళ్లున్న వస్తువు ఇంటికి పోతే దాని వెంట ఏమేం పోతాయోనని వాళ్ల భయం. ఖాజాబీ ఒక్కతే ధైర్యంగా గొడుగు తీసుకుంది. తీసుకున్నాక అందరి ముఖాలూ చూసి, మెల్లగా మళ్లీ ఊచల మధ్య నుంచి లోపలికి తోసేసింది.

ఇంత జరిగినా అధికారికి ఒక అనుమానం తీరలేదు. వీళ్లంతా నేను చెప్పి తెచ్చినవాళ్లేనేమో అన్నాడు. లాభం లేకుండా ఎవడో ఉత్తరం ఎందుకు రాస్తాడు అన్నాడు. అదే టైముకు శెట్టి మజ్జిగ గ్లాసు పట్టుకొని జనాన్ని తోసుకుంటూ గేటు దగ్గరికి వచ్చాడు. స్ట్రెచర్ మీద ఉన్నవన్నీ ఒకసారి కలయజూశాడు.

"ఈ బిందె యాడిది సార్? నేను రాసినప్పుడు ఇది లేదే" అన్నాడు.

"ఏం రాసినప్పుడు?" అన్నాడు అధికారి.

శెట్టి మజ్జిగ గ్లాసు వైపు చూశాడు, అది ఏమైనా జవాబు చెబుతుందేమోనని. తర్వాత నిజం ఒప్పుకున్నాడు. మంచి రోజు కోసం ఆగేవాళ్ల తాలూకు బంధువులంతా అతని లాడ్జిలోనే దిగేవాళ్లు. మంగళవారం, శుక్రవారం, అమావాస్యే అతని పంట. "ఈ మేడం వచ్చినాక అందరూ చెప్పు పెట్టి ఎల్లిపోతాండ్రు సార్. నా గదులు ఎవరికిచ్చుకునేది?"

నేను అడిగాను. "నా మీద రాసినావు. మళ్ల నాకే గది ఇచ్చినావా శెట్టీ?"

"యాడికి పోతారు మేడం, ఈడ ఇంకో లాడ్జి లేదు గదా" అన్నాడు. వెక్కిరింపు కాదు. నిజంగా నా గురించే దిగులుపడ్డాడు.

సంచి

కొన్నాళ్లకు ఒక సోమవారం మధ్యాహ్నం ఆర్డరు వచ్చింది. ఆరోపణ నిలవలేదు, మర్నాడు పొద్దున్నే ఉద్యోగంలో చేరమన్నారు. నా గదిని ఆరోజే తెరిపించారు. వస్తువులను వాటి వాటి యజమానులకు అప్పగించాలని కూడా ఆ ఆర్డరులో ఒక ముక్క ఉంది. అది నేను రిటైరయ్యేదాకా జరగలేదు. నా తర్వాత వచ్చినవాళ్లకూ జరిగి ఉండదు.

బట్టలన్నీ సంచిలో సర్ది తలుపు దగ్గర పెట్టి, నంద్యాలకు ఫోన్ చేసి మీ తాతకు చెప్పాను. ఆ సంతోషంలో గుడికి పోయి వచ్చి, లైటు కూడా వేయకుండా తొందరగా పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే సంచి లేదు. గదంతా వెతికాను, మంచం కింద చూశాను. కింద శెట్టి గల్లాపెట్టె దగ్గర తల వంచుకొని కూర్చొని ఉన్నాడు. ఆ నెల అద్దె నేనింకా ఇవ్వలేదు. నాకు ఒక్కసారిగా ఏమనిపించిందో తెలుసా? వీడు నా సంచిని తాకట్టు పెట్టుకున్నాడు అనిపించింది. నా మీద అందరూ అన్న మాటే, నా మనసులో అంత సులువుగా వచ్చేసింది.

"నా సంచి యాడ శెట్టీ?" గట్టిగానే అడిగాను.

అతను తలెత్తలేదు. "నిన్న మీరు గుడికి పోయినాక, పొద్దుగూకక ముందే మీ ఆఫీసు గదిలో పెట్టొచ్చినా మేడం. ఈ పొద్దు మంగళారం గదా. ఇన్నాళ్లకు చేరబోతాండారు, మంచి గడియలో బయల్దేరినట్టుంటాదని."

మంగళవారం పోవద్దు, బుధవారందాకా ఉండమంటే ఇంకొక రోజు అద్దె వచ్చేది అతనికి. ఆ మాట అనలేదు. నేను అద్దె లెక్క కట్టి అతని ముందు పెట్టాను. రోడ్డు దాటి, గేటు దాటి, నా గదిలోకి పోయాను. ఒంటి చెప్పుల గుట్ట పక్కన నా సంచి ఉంది.

అందుకే చెబుతున్నాను శ్రావణీ. రేపు నీ మీద ఎవరో ఏదో రాస్తారు, రాయకుండా ఉండరు. రాసినవాణ్ని వెతకడం నీ పని కాదు, వాడే ఒకరోజు మజ్జిగ తెస్తాడు. నువ్వు మంచాల సంగతి చూసుకో.

అన్నట్టు, నేను చేరిన రోజే మధ్యాహ్నం శెట్టి నుంచి కబురొచ్చింది. నా స్టీలు గ్లాసు లాడ్జి గదిలోనే మరిచిపోయానట, వచ్చి తీసుకుపొమ్మన్నాడు. రోడ్డు దాటితే చాలు. గేటు దాకా పోయాను కూడా. అక్కడ నిలబడి లాడ్జి మెట్ల వైపు చూశాను. మళ్లీ ఆ మెట్లెక్కితే ఆ గదిలో పడిన దిగులు నన్ను గుర్తుపట్టి పలకరిస్తుందేమో అనిపించింది.

దాన్ని ఆడనే పెట్టుకోప్పా అని చెప్పి పంపించాను.